క్యాటరాక్ట్ శస్త్రచికిత్స తర్వాత వెనుక పొర మసక: చిత్రీకరణ, కొలత, నిర్ణయం

శుక్లం తీసి కృత్రిమ లెన్సు అమర్చిన కంటిలో కొన్ని నెలలకో, కొన్నేళ్ళకో చూపు మళ్ళీ మసకబారడం ఈ శస్త్రచికిత్స తర్వాత దీర్ఘకాలంలో ఎదురయ్యే ఇబ్బందులన్నిటిలోకీ ఎక్కువగా కనిపించేది. ఆపరేషన్ అయిన కంట్లో మళ్ళీ పొర వచ్చిందని రోగులు చెప్పేది దీని గురించే. తీసేసిన శుక్లం తిరిగి రాదు. మసకబారేది, కృత్రిమ లెన్సుకు ఆధారంగా ఉండాలని శస్త్రవైద్యులు కావాలనే మిగిల్చిన సహజ కటకపు సంచి వెనుక గోడ. ఈ సంచినే క్యాప్సూల్ అంటారు. దాని ముందు గోడలో గుండ్రటి రంధ్రం తెరిచి, లోపలి మసక పదార్థాన్ని తొలగించి, ఖాళీ అయిన సంచిలోనే లెన్సును కూర్చోబెట్టడం నేటి పద్ధతి. వెనుక గోడ స్వచ్ఛంగా ఉన్నంతకాలం చూపు బాగుంటుంది; అది మసకబారితే కాంతి రెటీనాకు చేరకముందే దారిలో చెదిరిపోతుంది. ఈ మసకను ఎలా చూడాలి, ఎలా ఫొటో తీయాలి, ఎంత ఉందని అంకెల్లో ఎలా చెప్పాలి, ఆ అంకెను పట్టుకుని ఏం చేయాలి అన్న ప్రశ్నల మీద గత ముప్పై ఏళ్ళలో లండన్, వియన్నా, ఎడిన్‌బరో, ఒసాకా, అహ్మదాబాద్, మదురై వంటి చోట్ల ఎంతో పని జరిగింది. అదంతా కలిపి చదివితే తేలేది ఒకటే: రెండు లెన్సుల్లో ఏది మెరుగో నిర్ణయించడానికి ఈ చిత్రీకరణ పద్ధతులు చక్కగా అక్కరకు వచ్చాయి గాని, ఎదురుగా కూర్చున్న ఒక రోగికి మసకబారిన గోడలో కిటికీ తెరిచే లేజర్ చేయాలా వద్దా అన్నది నిర్ణయించడానికి అంతగా రాలేదు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని గుర్తించకుండా ఒకదాని జవాబును రెండోదానికి వాడుకోవడం వల్లనే ఈ రంగంలో గందరగోళం చాలావరకు పుట్టింది.

క్యాప్సూల్ ప్రధానంగా నాలుగో రకం కొలాజెన్‌తో ఏర్పడిన పారదర్శకమైన పొర. ముందు గోడ మందం సుమారు 14 మైక్రాన్లయితే, వెనుక గోడ మధ్యభాగం మందం సుమారు 4 మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. వెనుక గోడ మీద సహజంగా కణాలేవీ ఉండవు. ముందు గోడ లోపలి వైపునా, రెండు గోడలూ కలిసే అంచు చుట్టూతా మాత్రం ఒక వరుస ఎపిథీలియల్ కణాలుంటాయి. శస్త్రచికిత్సలో ఎంత శ్రద్ధగా శుభ్రం చేసినా వీటిలో కొన్ని మిగిలిపోతాయి, మిగిలినవి విభజన చెంది ఖాళీగా ఉన్న వెనుక గోడ మీదికి పాకుతాయి. అంచు దగ్గరి కణాలు కొత్త కటక తంతువులను తయారుచేయబోయి, ఆ పని పూర్తికాక, ఉబ్బిన బుడగల్లా గుంపులు కడతాయి. వీటిని ఎల్ష్నిగ్ ముత్యాలంటారు. ముందు గోడ కణాలు మాత్రం ట్రాన్స్‌ఫార్మింగ్ గ్రోత్ ఫ్యాక్టర్ బీటా అనే సంకేత ప్రోటీను ప్రభావంతో తమ స్వభావమే మార్చుకుని, సంకోచించే గుణమున్న, మచ్చకట్టే కణాలుగా మారతాయి. వీటివల్ల వెనుక గోడ తెల్లబడి ముడతలు పడుతుంది; దీన్ని ఫైబ్రోసిస్ అంటారు. సంచి అంచులోనే చిక్కుకుపోయి వలయంలా పెరిగే కణజాలం మూడో రూపం. దీన్ని 1828లో వర్ణించిన జర్మన్ వైద్యుడు సోమ్మరింగ్ పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు. కనుపాపకు వెనుక, ఐరిస్ చాటున దాగి ఉండే ఈ వలయం చూపుకు నేరుగా అడ్డం రాకపోయినా ముత్యాలకు అదే నారుమడి. ముత్యాలు, ఫైబ్రోసిస్ అన్న ఈ రెండు రకాలు కాంతితో ఒకేలా ప్రవర్తించవన్న విషయం ముందు ముందు కొలతల చర్చ అంతటికీ కీలకమవుతుంది.

ఒక విధంగా ఈ సమస్యను తెచ్చిపెట్టింది వైద్యం సాధించిన ప్రగతే. కటకాన్ని సంచితో సహా తీసివేసే పాత పద్ధతిలో మసకబారడానికి వెనుక గోడంటూ మిగిలేది కాదు. అందుకు మూల్యంగా రోగి జీవితాంతం సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకోవలసి వచ్చేది. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ 1949 నవంబరు 29న తొలి కృత్రిమ లెన్సును అమర్చినప్పటి నుండి సంచిని కాపాడడం అవసరమైంది, దానితోపాటే మసక కూడా వచ్చి చేరింది. భారతదేశంలో ఈ మార్పు పెద్ద ఎత్తున వచ్చింది ప్రపంచ బ్యాంకు సహాయంతో 1994 నుండి 2002 వరకు ఏడు రాష్ట్రాల్లో నడిచిన అంధత్వ నివారణ ప్రాజెక్టు కాలంలో. ఆ ఏడింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మదురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ చవకగా లెన్సులు తయారుచేయడంతో పల్లెల నుండి వచ్చిన రోగికి కూడా లెన్సు అందుబాటులోకి వచ్చింది. కాబట్టి తెలుగు ప్రాంతాల్లో వెనుక పొర మసక ఒక ప్రజారోగ్య విషయంగా మారి గట్టిగా మూడు దశాబ్దాలే అయింది. ఎందరిలో వస్తుందన్నదానికి ఎక్కువగా ఉటంకించే లెక్క 1998లో షౌంబర్గ్ బృందం అప్పటి అధ్యయనాలన్నిటినీ కలిపి వేసినది: శస్త్రచికిత్స జరిగిన కళ్ళలో ఏడాదికి 11.8 శాతం, మూడేళ్ళకు 20.7 శాతం, ఐదేళ్ళకు 28.4 శాతం. ఆ లెక్కలో కలిసిన అధ్యయనాల మధ్య తేడాలు మరీ ఎక్కువగా ఉండడం ఆ అంకెలంత ముఖ్యమైన సంగతి. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చూసి, ఒక్కో రకంగా కొలిచి, అన్నిటికీ ఒకే పేరు పెట్టారు. పిల్లల కళ్ళలో ఇది దాదాపు తప్పనిసరిగా వస్తుంది గనుక చిన్న వయసు వారికి మొదటి శస్త్రచికిత్సలోనే వెనుక గోడలో కూడా రంధ్రం తెరుస్తారు. వారి విషయం ఈ వ్యాస పరిధిలోకి రాదు.

మసకను చూసే మూల సాధనం స్లిట్ ల్యాంప్, అంటే సన్నని కాంతి చీలికను కంటిలోకి పంపి సూక్ష్మదర్శినితో పరిశీలించే పరికరం. దానితో రెండు విధాలుగా చూడవచ్చు. కాంతిని పక్కనుంచి ఏటవాలుగా పంపితే ఫైబ్రోసిస్ తెల్లగా మెరుస్తుంది, ముత్యాలు మాత్రం అంత స్పష్టంగా తేలవు. కాంతిని చూపు అక్షం వెంబడే నేరుగా పంపితే అది రెటీనాను తాకి ఎర్రటి వెలుగుగా వెనక్కి వస్తుంది, ఆ ఎర్రని నేపథ్యం మీద వెనుక గోడలోని ప్రతి ముడతా, ప్రతి ముత్యమూ నీడలా కనిపిస్తుంది. దీన్నే రెట్రోఇల్యూమినేషన్ అంటారు, తెలుగులో వెనుక వెలుగు పరీక్ష అనవచ్చు. బాగా విప్పారిన కనుపాపలో ఈ దృశ్యాన్ని చూస్తే ముందు గోడలో తెరిచిన గుండ్రటి రంధ్రం అంచు ఒక తెల్లని వలయంగా, దాని లోపల లెన్సు అంచు వైపు నుండి మధ్యకు ముత్యాలు గుంపులు గుంపులుగా పాకి వస్తున్నట్టుగా, కొన్నిచోట్ల తేనెపట్టు గదుల్లా సమంగా పరుచుకున్నట్టుగా కనిపిస్తాయి. ముత్యంలో ఒక అంచు మెరుస్తుంది, ఎదుటి అంచు నల్లగా ఉంటుంది. అది కాంతిని ఆపడం లేదు, వంచుతున్నదని అక్కడే తెలిసిపోతుంది.

కంటితో చూసినదాన్ని ఫొటోగా మార్చడం అనుకున్నంత సులభం కాదు. ఫ్లాష్ కాంతి కార్నియా మీద, కృత్రిమ లెన్సు రెండు ఉపరితలాల మీద ప్రతిఫలించి ఫొటో మధ్యలో తెల్లని మచ్చలు వేస్తుంది, చూపుకు అన్నిటికంటే ముఖ్యమైన మధ్యభాగమే వాటి చాటున పోతుంది. కంటి కోణం కాస్త మార్చి రెండు మూడు ఫొటోలు తీసి, ఒకదానిలో మచ్చ పడ్డ చోటును మరొకదాని నుండి పూరించడం ఈ చిక్కుకు వియన్నా, ఎడిన్‌బరో పరిశోధకులు అనుసరించిన పరిష్కారం. ఫోకస్ వెనుక గోడ మీద కాకుండా ముందు గోడ మీద నిలిస్తే ఉన్న మసక కనపడదు. కనుపాప సరిగా విప్పారకపోతే కొలవవలసిన ప్రాంతమే చిన్నదైపోతుంది. ఆరు నెలల తర్వాత తీసే ఫొటోలో ఫ్లాష్ బలం మారితే, పెరిగింది మసకో వెలుగో తేల్చుకోలేరు. లండన్‌లో డేవిడ్ స్పాల్టన్ బృందం 1990ల్లో ఈ పరిస్థితులన్నిటినీ స్థిరపరచి, అధిక స్పష్టత గల డిజిటల్ కెమెరాతో వెనుక వెలుగు ఫొటోలు తీసే పద్ధతిని రూపొందించింది. కొలత అనేది నిజంగా అక్కడే మొదలైందని చెప్పాలి. ఎందుకంటే ఈ రంగంలో సాఫ్ట్‌వేర్ల మీద జరిగినంత చర్చ ఫొటో తీసే తీరు మీద జరగలేదు గాని, తప్పులు ఎక్కువగా దొర్లేది ఫొటో దగ్గరే.

ఫొటో చేతికొచ్చాక దాన్ని అంకెగా మార్చే పద్ధతుల్లో విస్తృతంగా వాడుకలోకి వచ్చినది 1997లో జర్మనీలో మాన్‌ఫ్రెడ్ టెట్జ్, ఆయన సహచరులు ప్రచురించిన ఎప్కో. ఇందులో పరీక్షకుడు కంప్యూటర్ తెర మీద మౌస్‌తో మసక ఉన్న ప్రతి భాగం చుట్టూ గీత గీసి, దానికి తీవ్రతను బట్టి 0 నుండి 4 వరకు ఒక స్థాయి ఇస్తాడు: మసక లేకుంటే 0, సన్నని ముడతలో పలుచని కణాల పొరో ఉంటే 1, తేనెపట్టు ఆకారమైతే 2, స్పష్టమైన ముత్యాలైతే 3, కింది వెలుగును కూడా నల్లబరిచేంత దట్టమైన ముత్యాలైతే 4. ఒక్కో భాగం స్థాయిని ఆ భాగం విస్తీర్ణంతో గుణించి, వచ్చిన వాటిని కూడితే తుది అంకె వస్తుంది. లెన్సులో సగం మేర రెండో స్థాయి, పావు వంతు మూడో స్థాయి ఉంటే 0.5ను 2తో, 0.25ను 3తో గుణించి కూడగా 1.75 అవుతుంది. పద్ధతి సరళమైనది, చవకైనది, ఎవరైనా నేర్చుకోగలది. కాని దాని లోపం కూడా ఆ కూడికలోనే ఉంది. లెన్సు మొత్తం మీద పలుచని మొదటి స్థాయి మసక పరుచుకున్న కంటికి వచ్చే అంకె 1. మిగతాదంతా స్వచ్ఛంగా ఉండి, సరిగ్గా చూపు అక్షం దగ్గర పావు వంతు మేర దట్టమైన నాలుగో స్థాయి ముత్యాలున్న కంటికి వచ్చే అంకె కూడా 1. మొదటి రోగి పత్రిక చదువుకుంటూ ఉండగా రెండో రోగి ఎదుటి మనిషి ముఖం పోల్చుకోలేకపోవచ్చు. లెన్సు మధ్యలోని 3 మిల్లీమీటర్ల వృత్తాన్ని విడిగా లెక్కగట్టాలన్న నియమం తర్వాతి అధ్యయనాల్లో స్థిరపడింది ఈ కారణం వల్లనే.

గీత గీసేది మనిషే గనుక ఇద్దరు పరీక్షకుల అంకెలు తేడాపడతాయి. ఆ తేడాను తొలగించాలని వచ్చినవి కంప్యూటరే స్వయంగా లెక్కగట్టే పద్ధతులు. స్పాల్టన్ బృందం రూపొందించిన పోకో ఫొటోలోని రక్తనాళాల ఛాయలను తీసివేసి, నునుపు తగ్గి గరుకుగా కనిపించే చోట్లను విడదీసి, మొత్తం విస్తీర్ణంలో ఎంత శాతం మసకబారిందో చెబుతుంది. ఎంత మేర పరుచుకుందో చెబుతుంది గాని, ఎంత దట్టంగా ఉందో చెప్పదు. వియన్నాలో ఓలివర్ ఫిండల్, వోల్ఫ్ బ్యూల్ తదితరులు తయారుచేసిన ఆక్వా వేరే దారి పట్టింది. ఫొటోలో పక్కపక్కనున్న బిందువుల బూడిదరంగు స్థాయిలు ఎంత క్రమం తప్పి ఉన్నాయో ఎంట్రపీ అనే గణిత కొలమానంతో లెక్కించి 0 నుండి 10 లోపు ఒక అంకెనిస్తుంది. స్వచ్ఛమైన గోడ నునుపుగా కనిపిస్తుంది గనుక అంకె తక్కువగా, ముత్యాలున్న గోడ చిందరవందరగా ఉంటుంది గనుక అంకె ఎక్కువగా వస్తుంది. ఎడిన్‌బరోలో తారిక్ అస్లమ్ ప్రభృతులు రూపొందించిన ఆస్కా మసక ఎక్కడ ఉందన్నదానికి కూడా లెక్కలో చోటిచ్చింది. ఫిండల్ బృందమే 2003లో నిపుణుల కంటి అంచనా, ఎప్కో, పోకో, ఆక్వా అన్న నాలుగింటినీ ఒకే ఫొటోల మీద పోల్చి చూసినప్పుడు ఆక్వా, ఎప్కో రెండూ నిపుణుల అంచనాతో బాగా సరిపోయాయి, పోకో అంతగా సరిపోలేదు. తమ పద్ధతిని తామే పరీక్షించుకున్న పోలిక కావడం వల్ల కొంత జాగ్రత్తగా చదవవలసి ఉన్నా, విస్తీర్ణం ఒక్కటే చాలదన్న దాని నిర్ధారణతో విభేదించడానికి బలమైన కారణం కనబడదు. ఇక్కడ ఒక చక్రం కూడా ఉంది: మనిషి అంచనా నమ్మదగనిదని యంత్రాన్ని తెచ్చారు, యంత్రం నమ్మదగినదా అని చూడడానికి మళ్ళీ మనిషి అంచనాతోనే పోల్చారు. అంతిమ ప్రమాణం అనదగినది ఏదీ ఈ రంగంలో ఇప్పటికీ లేదు.

అయినా ఈ పద్ధతుల వల్ల కలిగిన లాభం చిన్నది కాదు. 1990ల్లో కొన్ని లెన్సులు అమర్చిన కళ్ళలో మసక తక్కువగా రావడం గమనించినప్పుడు దానికి కారణం లెన్సు పదార్థమని చాలామంది భావించారు. లెన్సు వెనుక అంచు గుండ్రంగా కాక పదునైన చదరపు అంచుగా ఉంటే, అక్కడ వెనుక గోడ మడతపడి పాకే కణాలకు అడ్డుకట్టగా నిలుస్తుందని ఒసాకాలో ఓకిహిరో నిషి ప్రయోగాలతో చూపాడు. ఈ వాదన నిలబడడానికి వెనుక వెలుగు ఫొటోలే ఆధారమయ్యాయి. ఒకే రోగి ఒక కంటిలో గుండ్రటి అంచు లెన్సు, రెండో కంటిలో అదే పదార్థంతో చేసిన పదును అంచు లెన్సు అమర్చి, ఏళ్ళ తరబడి ఒకే తీరున ఫొటోలు తీసి ఆక్వాతో కొలిచిన వియన్నా అధ్యయనాలు అంచు ప్రాధాన్యాన్ని నిస్సందేహంగా స్థాపించాయి. రోగి వయసు, మధుమేహం, వాపు ధోరణి వంటివన్నీ రెండు కళ్ళకూ ఒకటే గనుక మిగిలిన తేడా అంచుదే. అందుబాటులో ఉన్న ప్రయోగాలన్నిటినీ వడపోసిన కోక్రేన్ సమీక్ష కూడా పదును అంచునే సిఫారసు చేసింది, పదార్థాల మధ్య స్పష్టమైన తేడా కనబడలేదని చెప్పింది. మదురై అరవింద్ కంటి ఆసుపత్రిలో మడత పెట్టడానికి వీలులేని, చవకైన గట్టి లెన్సులకే పదును అంచు పెట్టి రెండో కంటితో పోల్చి చూసినప్పుడు కూడా మసక తగ్గింది. ఖరీదైన మడత లెన్సు కొనలేని రోగికి కూడా ఈ మేలు దక్కుతుందని తేల్చిన ఆ పని మన ప్రాంతానికి మిగతా అన్నిటికంటే విలువైనది. చదరపు అంచు అన్న పేరుతో అమ్ముడయ్యే లెన్సులన్నిటిలో అంచు పదును ఒక్కలా లేదని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసినప్పుడు బయటపడింది. పెట్టె మీది మాటకూ లోపలి సరుకుకూ తేడా ఇక్కడా తప్పలేదు.

ఒకే కంటిని తక్కువ వ్యవధిలో పదే పదే ఫొటో తీయడం వల్ల తెలిసిన మరో సంగతి, ముత్యాలు స్థిరంగా ఉండవన్నది. వియన్నాలోనే ఇలా వరుసగా తీసిన ఫొటోలను ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే, కొన్ని ముత్యాలు వారాల వ్యవధిలోనే ఉబ్బడం, కొన్ని కుంచించుకుపోవడం, కొన్ని పూర్తిగా మాయమై వాటి స్థానంలో కొత్తవి పుట్టడం కనిపించింది. రోగులు ఒక నెల చూపు బాగుందనీ మరో నెల మసకగా ఉందనీ చెబితే భ్రమ అని కొట్టిపారేయడానికి వీల్లేదని దీని అర్థం. ఏడాదికొకసారి తీసిన ఒక్కొక్క ఫొటోతో మసక పెరుగుదలను సరళరేఖగా గీసే అధ్యయనాల మీద కూడా ఇది సందేహం రేపుతుంది.

వెనుక వెలుగు ఫొటో ఒక చదునైన చిత్రం. లోతు అందులో ఉండదు. లోతును చూపించే సాధనాలు రెండు. వస్తువు, కటకం, ఫిల్మ్ తలాలు మూడూ ఒకే రేఖ మీద కలిసేలా కెమెరాను వంచితే ఏటవాలు వస్తువు మొత్తం స్పష్టంగా ఫోకస్‌లోకి వస్తుందన్న, ఆస్ట్రియా సైనికాధికారి థియోడర్ షైమ్‌ఫ్లూగ్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఆధారంగా పనిచేసే కెమెరా మొదటిది. పెంటాక్యామ్ వంటి పరికరాలు ఈ పద్ధతిలో కంటి ముందుభాగాన్ని చుట్టూ తిరిగి నీలి కాంతితో కోతలు కోతలుగా చిత్రిస్తాయి, వెనుక గోడ నుండి తిరిగివచ్చే కాంతి ఎంతో అంకెల్లో ఇస్తాయి. ఫ్లాష్ మచ్చల బెడద ఇందులో లేదు. అయితే అది కొలిచేది వెనక్కి చెదిరే కాంతిని. రోగి చూపును పాడుచేసేది ముందుకు, రెటీనా వైపు చెదిరే కాంతి. ఈ రెండూ ఫైబ్రోసిస్‌లోనూ ముత్యాల్లోనూ ఒకే నిష్పత్తిలో ఉండవు గనుక షైమ్‌ఫ్లూగ్ అంకెను చూపు నష్టానికి సమానంగా తీసుకోవడం సరికాదు. రెండోది 1991లో అమెరికాలో వెలుగుచూసిన ఓసీటీ, అంటే కాంతి తరంగాల వ్యతికరణాన్ని ఉపయోగించి కణజాలాన్ని నిలువు కోతగా చూపే పద్ధతి. కంటి ముందు భాగానికి వాడిన తొలి ఓసీటీ యంత్రాల లోతు స్పష్టత సుమారు 18 మైక్రాన్లు. 4 మైక్రాన్ల వెనుక గోడను విడిగా చూపడం వాటి వల్ల అయ్యే పని కాదు. తర్వాతి తరం యంత్రాలు ఆ లోటును చాలావరకు పూడ్చాయి. లెన్సు వెనుక తలానికీ క్యాప్సూల్‌కూ మధ్య మిగిలిన సందు, శస్త్రచికిత్స తర్వాత తొలి వారాల్లో అది మూసుకుపోయే తీరు, అంచు దగ్గర గోడ మడతపడే కోణం ఇప్పుడు సజీవ కంటిలోనే కనిపిస్తున్నాయి. నిషి ప్రయోగశాలలో చూపినదాన్ని ఓసీటీ రోగి కంటిలో చూపింది. ఐరిస్ వెనుక దాగిన సోమ్మరింగ్ వలయం మాత్రం దానికీ అందదు, అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీకే కొంత అందుతుంది.

ఓసీటీ, షైమ్‌ఫ్లూగ్ సాధనాల నిజమైన అక్కర మసకను కొలవడంలో కన్నా మసకను పోలిన ఇతర సమస్యలను విడదీయడంలో ఉంది. కొందరిలో శస్త్రచికిత్స జరిగిన ఏళ్ళకు లెన్సు వెనుక, క్యాప్సూల్ ముందు మధ్య ఖాళీలో పాలలాంటి ద్రవం చేరుతుంది. స్లిట్ ల్యాంప్ కింద తొందరగా చూస్తే వెనుక గోడే తెల్లబడిందనిపిస్తుంది. కోత చిత్రంలో మాత్రం వెనుకకు ఉబ్బిన గోడ, లెన్సు, మధ్యలో సమంగా నిండిన ద్రవం మూడూ విడివిడిగా కనిపిస్తాయి. దీనికి గోడలో చిన్న రంధ్రం తెరిస్తే ద్రవం పోయి చూపు తేలికగా బాగుపడుతుంది. ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు నీటిని పీల్చుకునే రకం లెన్సులతో జరుగుతుంది. వీటిలో కొన్నింటి మీద లేదా లోపల కాల్షియం లవణాలు పేరుకుని లెన్సే మసకబారుతుంది. దాన్ని వెనుక పొర మసకగా పొరబడి లేజర్ చేస్తే చూపు మెరుగుపడకపోగా, గోడలో రంధ్రం పడింది గనుక ఆ తర్వాత లెన్సును మార్చే శస్త్రచికిత్స మరింత కష్టమవుతుంది. ఇలాంటి కళ్ళలో లేజర్‌కు ముందు తీసిన ఒక్క మంచి చిత్రం తప్పును ఆపుతుంది.

లేజర్ ప్రస్తావన రాకుండా ఈ చర్చ పూర్తికాదు. 1980ల మొదట్లో ఫ్రాన్స్‌లో డానియెల్ ఆరోన్-రోజా, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంజ్ ఫాంక్‌హౌజర్ నియోడీమియం యాగ్ లేజర్‌ను ఈ పనికి ప్రవేశపెట్టినప్పటి నుండి, కోత లేకుండా, మత్తు ఇంజెక్షన్ అవసరం లేకుండా, కొద్ది నిమిషాల్లో వెనుక గోడ మధ్యలో కిటికీ తెరవడం సాధ్యమైంది. తర్వాతి గంటల్లో కంటి ఒత్తిడి పెరగడం, రెటీనా మధ్యభాగంలో నీరు చేరడం, అరుదుగా రెటీనా ఊడిపోవడం, లెన్సు మీద గుంటలు పడడం దీని దుష్ఫలితాలు. తీవ్రమైన మయోపియా ఉన్నవారిలో రెటీనా విషయమై మరింత జాగ్రత్త అవసరం. లేజర్ ఇంత సులభం కావడం వల్లనే పరిశోధకులు ఒక అడ్డదారి పట్టారు: ఏ లెన్సుతో ఎందరికి లేజర్ చేయవలసి వచ్చిందో లెక్కించి, దాన్నే మసక కొలతగా ప్రకటించడం. ఈ కొలత అన్నిటికంటే సులభమైనదే గాని అన్నిటికంటే బలహీనమైనది కూడా. లేజర్ చేశారా లేదా అన్నది మసకతోపాటు వైద్యుడి అలవాటు, యంత్రం ఆ ఊళ్ళో ఉందా లేదా, బీమా చెల్లిస్తుందా లేదా, రోగి వృత్తికి ఎంత చూపు కావాలి అన్న వాటి మీద కూడా ఆధారపడుతుంది. రాత్రిపూట లారీ నడిపే వ్యక్తి కొద్ది మసకకే లేజర్ అడుగుతాడు. ఇంటిపట్టున ఉండే వృద్ధురాలు దట్టమైన మసకతోనే ఏళ్ళు గడిపేస్తుంది. ఇలాంటి అంకెలతో లెన్సులను పోల్చే వ్యాసాలను, ముఖ్యంగా తయారీదారుల ప్రచార పత్రాలను, అనుమానంతోనే చదవాలి.

మసక ఎంత ఉంటే చూపు ఎంత తగ్గుతుందన్న ప్రశ్నకు ఫొటోలు సూటిగా జవాబివ్వలేకపోయాయి. తెల్లని పలక మీద నల్లని అక్షరాలు చదివించే సాధారణ పరీక్షలో చివరి వరుస వరకు చదవగలిగిన రోగి కూడా ఎదురుగా వచ్చే వాహనాల దీపాలకు కళ్ళు చెదిరి ఇబ్బంది పడవచ్చు. రెటీనా మీద పలుచని తెరలా పరుచుకునే ఈ చెదురు కాంతిని స్ట్రేలైట్ అంటారు. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ బెర్గ్ రూపొందించిన పద్ధతిలో రోగి తనకు కనిపించే వృత్తం రెండు సగాల్లో ఏది ఎక్కువగా మిణుకుతున్నదో చెబుతూ పోతే చెదురు కాంతి లాగరిథమ్ విలువ తేలుతుంది. ఈ విలువ 0.3 పెరిగితే చెదురు కాంతి రెట్టింపైందని అర్థం. పొర మసక పెరిగే కొద్దీ అక్షరాల పరీక్షకన్నా ముందే ఈ విలువ దెబ్బతింటుందని డచ్ పరిశోధకులు చూపారు. రాబోయే అధ్యయనాలు ఫొటో అంకెను, స్ట్రేలైట్ విలువను, వెలుగు తేడాలను గుర్తించే కాంట్రాస్ట్ పరీక్ష ఫలితాన్ని పక్కపక్కనే ప్రచురించడం న్యాయం. ఒక్క ఫొటో అంకెతో చూపు గురించి తీర్మానాలు చేయడం ఇక మానాలి.

ఇటీవల వేల ఫొటోలతో శిక్షణ పొందిన కృత్రిమ మేధ నమూనాలు మసకను గుర్తించగలవని, ఎవరికి లేజర్ అవసరమవుతుందో ముందే చెప్పగలవని వ్యాసాలు వెలువడుతున్నాయి. అవి నేర్చుకున్నది లేజర్ చేశారన్న రికార్డుల నుండే అయితే, పైన చెప్పిన వైద్యుల అలవాట్లనే అవి కూడా నేర్చుకున్నాయన్నమాట. మరో చిక్కు మొబైల్ ఫోన్లతో వచ్చింది. స్లిట్ ల్యాంప్ కంటిగొట్టానికి ఫోన్ తగిలించి తీసే చిత్రాలు రోగికి చూపించడానికీ, దూరాన ఉన్న నిపుణుడికి పంపడానికీ చక్కగా పనికివస్తాయి గాని, ఫోన్ తనంతట తాను రంగును, వెలుగును, అంచుల పదునును సవరించే కారణంగా ఎంట్రపీ వంటి సూక్ష్మ లెక్కలకు పనికిరావు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పరిజ్ఞానం అక్కరకు వచ్చే చోటు ఏదో ఇప్పుడు చెప్పవచ్చు. హైదరాబాద్‌లో 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ నమూనాలో సుమారు 50,000 జనాభాకు ఒక ప్రాథమిక దృష్టి కేంద్రం, సుమారు 5 లక్షల జనాభాకు శస్త్రచికిత్స చేయగల ఒక కేంద్రం ఉంటాయి. ఆపరేషన్ అయిన కన్ను మళ్ళీ మసకబారిందని రోగి మొదట చేరేది ఊరి దగ్గరి ఇలాంటి కేంద్రానికే. అక్కడ పోకో, ఆక్వా వంటి లెక్కలు అవసరం లేదు. కనుపాప విప్పార్చి తీసిన ఒక వెనుక వెలుగు చిత్రం, అందులో మధ్యలోని 3 మిల్లీమీటర్ల భాగం ఎలా ఉందన్న ఒక వాక్యం, రాత్రి దీపాల వెలుగు ఇబ్బంది పెడుతున్నదా అన్న ఒక ప్రశ్న, మసక గుండా రెటీనా కనిపిస్తున్నదా లేదా అన్న ఒక గమనిక ఉంటే లేజర్ నిర్ణయానికి చాలు. చివరి గమనిక మధుమేహం ఉన్నవారిలో మరీ ముఖ్యం. చూపు తగ్గడానికి అసలు కారణం రెటీనాలో ఉండి, నింద వెనుక పొర మీద పడే ప్రమాదం వారిలోనే ఎక్కువ.

ఆధునిక కొలత పద్ధతులకు నిజమైన చోటు మరొకటుంది. ప్రభుత్వ పథకాల కింద లెన్సులను పెద్ద సంఖ్యలో కొనే సంస్థలు, ధర ఒక్కటే చూడకుండా, అంచు పదును ఎంతో చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలను, ఒకే తీరున తీసిన మూడేళ్ళ వెనుక వెలుగు ఫొటోల మీద మధ్యభాగం మసక అంకెలను సరఫరాదారుల నుండి టెండరులోనే కోరాలి. లేజర్ ఎందరికి చేశారన్న లెక్కను దానికి బదులుగా అంగీకరించకూడదు.